దర్వాజ ఎటువైపు

20 జనవరి 2025, సోమవారం

బాత్రూం కొత్తగా కట్టించాలని ఈరోజు ఇంట్లో ఖాయమైంది.

అత్తమ్మ మోకాళ్ళ నొప్పులకు దవాఖానకు వెళ్ళి వచ్చింది. ఇక కింద కూర్చోవద్దు, కమోడ్ పెట్టించుకోండి అన్నాడట డాక్టరు. ఆమె చెప్పులైనా విడవకుండా వాకిట్లోంచే మామయ్యను పిలిచి, గా కుర్చీ లెట్రిన్ పెట్టిస్తవా, నన్ను ఎత్తుకొని తిప్పుతవా, రెండిట్ల ఒకటి చెప్పు అని అడిగింది. వరండాలో బెంచీ మీద మామయ్య దోస్తులు నలుగురున్నారు. అందరూ నవ్వారు. సిగ్గు నాకయింది, ఆమెకు కాలేదు.

మామయ్య గడ్డం గోక్కున్నాడు. కడితే మంచిగనే కడదాం, అతుకులెందుకు, పాత గోడలు మొత్తం తీసేద్దాం అన్నాడు.

మా స్నానాల గది, లెట్రిన్ రెండూ వాకిట్లో ఒక పక్కన, దొడ్డి మొదలయ్యే చోట ఉన్నాయి. రెండింటి తలుపులూ వరండా వైపే. పొద్దున ఐదున్నర నుంచే ఆ బెంచీ మీద చాయ్ మొదలవుతుంది. కాలువ నీళ్ళ ముచ్చట, వరి ముచ్చట. నేను తువ్వాల, బట్టలు చంకలో పెట్టుకొని, వేడినీళ్ళ బకెట్ మోసుకుంటూ వాళ్ళ ముందు నుంచి వెళ్ళాలి. నేను రాగానే ముచ్చట ఆగిపోతుంది. అందరూ తల దించుకుంటారు. మంచివాళ్ళే. కానీ ఆ ఆగిపోవడమే నాకు కష్టం. తడి జుట్టుతో తిరిగి వచ్చేటప్పుడు ఇంకా కష్టం. అందుకే పెళ్ళయిన మూడేళ్ళ నుంచి నాలుగున్నరకే లేచి స్నానం చేస్తున్నాను. పగలు నీళ్ళు తక్కువ తాగుతాను.

కొత్త బాత్రూం అనగానే గుండె గబగబా కొట్టుకుంది. ఎందుకో నాకే సరిగ్గా తెలియలేదు.

21 జనవరి

అఖిలేశ్ నిన్నటి నుంచి ఫోన్‌లో బాత్రూంలే చూస్తున్నాడు. అఖిలేశ్ అంటే మా ఆయన. పైకి పేరు పెట్టి పిలవను. ఈ డైరీ ఆయన పనిచేసే ఎరువుల దుకాణానికి విత్తనాల కంపెనీవాళ్ళు ఇచ్చింది. దీన్ని ఎవరూ చూడరు కాబట్టి పేరే రాస్తాను.

అఖిలేశ్, అఖిలేశ్, అఖిలేశ్.

ఆయనకు నల్ల టైల్స్ కావాలట, మధ్యలో అద్దం గోడ కావాలట. అత్తమ్మ వీడియో చూసి, లోపట ఎవలున్నరో కనబడే గోడ ఎందుకురా, గట్లయితే గోడే కట్టకు, ఇటుకలు మిగులుతయ్ అంది.

23 జనవరి

టైల్స్ దుకాణానికి నన్ను కూడా తీసుకువెళ్ళాడు. బస్టాండు దాటాక కొత్తగా పెట్టారు. లోపల కూలర్ లేకుండానే చల్లగా ఉంది. గోడ నిండా నల్లాలు. ఒక్కదాని నుంచి కూడా నీళ్ళు రావు. చూస్తే నవ్వొచ్చింది.

దుకాణంలో అమ్మాయి కంప్యూటర్‌లో మా బాత్రూం గీసి చూపించింది. ఏడడుగులు, తొమ్మిదడుగులు. కమోడ్‌ను వేలితో అటు జరిపింది, ఇటు జరిపింది. బొమ్మరిల్లులా ఉంది. తర్వాత నా వైపు తిరిగి, మేడమ్ మీకెట్ల కావాలో చెప్పండి, వాడేది మీరే కదా అంది. నన్ను ఇంతవరకు ఎవరూ మేడమ్ అనలేదు. ఏదైనా పర్వాలేదు అన్నాను.

ఇంటికి వచ్చేదాకా బండి మీద నన్ను నేనే తిట్టుకున్నాను. ఏదైనా పర్వాలేదట!

రాత్రి సౌజన్య వదిన జుక్కల్ నుంచి వీడియో కాల్ చేసింది. అఖిలేశ్‌కు అక్క. బేసిన్ పెట్టించండి, అద్దం పెద్దది పెట్టించండి, నేను వచ్చినప్పుడు జడ వేసుకోవాలె అని ఆర్డర్లు. ఏడాదికి రెండుసార్లు వచ్చే వదినకు కూడా ఏం కావాలో తెలుసు.

26 జనవరి, ఆదివారం

బెంచీ దోస్తుల్లో రాజన్న మామకు వాస్తు తెలుసట. పొద్దున్నే వచ్చి అడుగులతో కొలిచాడు. కమోడ్ మీద కూర్చుంటే తూర్పు చూడొద్దు, పడమర చూడొద్దు అన్నాడు. అఖిలేశ్ పాత క్యాలెండర్ వెనక ప్లాన్ గీశాడు. కమోడ్ తిప్పాడు. తిప్పితే తలుపు తెరవగానే కమోడ్‌కు తగులుతోంది. రాజన్న మామ గీజర్ జరపమన్నాడు. గీజర్ జరిపితే నల్లా పోయి తూర్పు మూల పడింది. ఇట్లా నాలుగు నెలల క్యాలెండర్ అయిపోయింది.

అత్తమ్మ బియ్యం ఏరుతూ వింటోంది. చివరికి, రాజన్నా, నువ్వు మీ ఇంట్ల ఎటు మొఖం పెట్టి కూసుంటవు అని అడిగింది. ఆయన గాలిలో వేలితో దిక్కులు చూసుకుని, మా ఇంట్ల తూర్పుకే ఉన్నది వదినె, అందుకే గదా నాకు తెలిసింది అన్నాడు. మామయ్యకు చాయ్ పొలమారింది.

నాలుగు ప్లాన్లు వంటింట్లోకి తెచ్చుకుని చూశాను. కమోడ్ నాలుగు చోట్ల ఉంది. బేసిన్ నాలుగు చోట్ల ఉంది. తలుపు మాత్రం నాలుగింటిలోనూ ఒక్కచోటే. వరండా వైపు.

29 జనవరి

అమాస. పని మాట ఎత్తొద్దని అత్తమ్మ ఆర్డర్. ఇల్లు హాయిగా ఉంది.

30 జనవరి

గోడలు పడ్డాయి. జేత్యా మేస్త్రి, ఆయన భార్య సోనాబాయి ఇద్దరే వచ్చారు. ఆమె సిమెంటు, ఇసుక వేసి మాల్ కలుపుతుంది, ఇటుకలు అందిస్తుంది, ఆయన తప్పు చేస్తే తిడుతుంది. మధ్యాహ్నానికి రెండు గదులూ నేల మట్టమయ్యాయి. కింద పాత గచ్చు మిగిలింది. దాన్ని తీయొద్దు, గట్టిగుంది, దీని మీదనే లేపుదాం అన్నాడు జేత్యా.

పని అయ్యేదాకా పక్కింటి గంగుబాయి వాళ్ళ బాత్రూం వాడుకోమన్నారు. ఆమె పుట్టిల్లు దెగ్లూర్ వైపు. నాలుగు మాటలకు ఒక మరాఠీ మాట కలుస్తుంది. ఇద్దరు కోడళ్ళు.

31 జనవరి

ఈరోజు ఒక వింత జరిగింది. తొమ్మిది గంటలకు స్నానం చేశాను.

గంగుబాయి వాళ్ళ బాత్రూం తలుపు వంటింటి వెనక ఉంది. మా దొడ్డి గోడలోని సందు గుండా వెళ్ళి, వాళ్ళ వంటింటి పక్క నుంచి దూరిపోతే అయిపోయింది. మగవాళ్ళు ఎవరూ అటు రారు. ఆమె కోడళ్ళు గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నారు. నన్ను చూసి ముచ్చట ఆపలేదు. రా సంజనా, నీళ్ళు కాగినయ్ అన్నారు, మళ్ళీ వాళ్ళ ముచ్చటలో పడ్డారు. లోపల కిటికీలోంచి ఎండ వీపు మీద పడింది. పెళ్ళయ్యాక వీపు మీద ఎండతో స్నానం చేయడం ఇదే మొదటిసారి.

బయటకు వచ్చి జుట్టు ఆరబెట్టుకుంటూ మా దొడ్డి వైపు చూశాను. మా వంటింటికి కూడా వెనక తలుపు ఉంది. అక్కడి నుంచి పాత గచ్చుకు ఆరడుగులు. మధ్యలో కట్టెల మోపు ఒక్కటే.

ఆరడుగులే.

ఇప్పుడు తెలిసింది నాకేం కావాలో.

మామయ్యకు మాత్రం గంగుబాయి ఇల్లు కుదరలేదు. బీర్కూర్ దారిలో మా పొలం దగ్గర బోరు కింద చేసి వస్తున్నాడు. గాడ నీళ్ళు ధారగ పడ్తయ్, ఈడెవలు చేస్తరు అంటున్నాడు.

1 ఫిబ్రవరి

అఖిలేశ్‌కు చెప్పాలని పొద్దున మూడుసార్లు అనుకున్నాను. చాయ్ ఇచ్చేటప్పుడు చెప్పలేదు. చొక్కా ఇచ్చేటప్పుడు చెప్పలేదు. సాయంత్రం బండి మీద వెనక కూర్చుని వస్తుంటే, మొహం కనిపించదు కాబట్టి ధైర్యం వచ్చింది. బాత్రూం దర్వాజ ఇంకో దిక్కు పెడితే ఎట్లుంటది అన్నాను.

దర్వాజదేమున్నది, ఉన్నకాడ్నే ఉంటది అన్నాడు. తర్వాత గీజర్ పదిహేను లీటర్లా, ఇరవై అయిదా అని అడిగాడు.

ఇరవై అయిదు అన్నాను.

2 ఫిబ్రవరి

జేత్యా వచ్చి గచ్చు కడిగించి వెళ్ళాడు. రేపు పొద్దున నేనొచ్చేవరకు గోడలేడ, దర్వాజేడ, కమోడ్ ఏడ అన్నది ముగ్గు పోసి పెట్టుండ్రి, చూసి ఇటుక మొదలుపెడ్త అన్నాడు. అట్లనే అన్నాడు అఖిలేశ్. నాలుగు ప్లాన్లలో ఏది అన్నది ఇంకా తేలలేదు.

3 ఫిబ్రవరి, సోమవారం

ఈరోజు జరిగిందంతా రాయాలి.

పొద్దున మామయ్యకు ఫోన్ వచ్చింది, పొలం దగ్గర మోటరు కాలిందని. చాయ్ కూడా తాగకుండా పోయాడు. దుకాణానికి యూరియా లారీ వచ్చిందని అఖిలేశ్ కూడా పోయాడు. ప్లాన్ సంగతి ఇద్దరికీ గుర్తు లేదు.

రోజూ లాగే గేటు ముందు ఊడ్చి ముగ్గు వేశాను. డబ్బాలో ఇంకా పిండి ఉంది. వెనక్కి తిరిగితే కడిగిన గచ్చు. నున్నగా, ఖాళీగా. ఒక్కసారి వేసి చూసుకుని తుడిచేద్దామనుకున్నాను. అంతే అనుకున్నాను.

నాకు కాగితం మీద ప్లాన్ అర్థం కాదు. ఏడో తరగతితో ఆగిపోయాను. కానీ ముగ్గులో కొలత నాకు తెలుసు. నాలుగు వైపులా గోడలు గీశాను. కమోడ్ దగ్గర పీట పెట్టి దాని చుట్టూ గీశాను. అత్తమ్మ మోకాళ్ళు గోడకు తగలకుండా, లేచేటప్పుడు పట్టుకోవడానికి పక్క గోడ చేతికి అందేలా. నల్లా దగ్గర బకెట్. తర్వాత వంటింటి వైపు గీతలో రెండు అడ్డగీతలు పెట్టి మధ్యలోది చెరిపేశాను. తలుపు.

వంటింట్లోకి వెళ్ళి, తువ్వాల చంకలో పెట్టుకుని, ఆరడుగులు నడిచి ఆ తలుపులోంచి లోపలికి వచ్చాను. గాలిలో గొళ్ళెం పెట్టాను. గాలిలో బట్టలు తగిలించాను. వరండా వైపు గోడ ఉంది. ముగ్గు గీతే, కానీ గోడలాగే అనిపించింది. ఎంత నవ్వొచ్చిందో. రెండుసార్లు పోయాను, వచ్చాను. ఉత్త గీతలు వదిలేయడం చేతకాక మధ్యలో ఎనిమిది రేకుల పువ్వు కూడా వేశాను. కొంచెం పసుపు చల్లాను.

చీపురు తీసుకునేలోపు అత్తమ్మ పిలిచింది. చివరి మడిలో నాట్లు వేసే ఎనిమిది మందికి అన్నం పంపాలి, బీర్కూర్ బస్సుకు టైమైతుంది, నీ ముగ్గులు తర్వాత అంది. వంటింట్లో పడ్డాను. డబ్బాలు సర్ది గంగుబాయి పెద్ద కోడలి చేతికిచ్చి పంపేసరికి ఎనిమిదిన్నర.

వెనక నుంచి తాపీ చప్పుడు వినిపించింది. టక్, టక్, టక్.

జేత్యా ఎప్పుడు వచ్చాడో! నా గీతల మీద ఒక వరస ఇటుక అయిపోయింది. సోనాబాయి రెండో వరసకు మాల్ ఇస్తోంది. వరండా వైపు నిండుగా గోడ. వంటింటి వైపు రెండున్నర అడుగుల ఖాళీ. నా ఖాళీ.

అది నేను ఊరికే వేసింది అన్నా అని చెప్పాలి. చెప్పడానికి రెండుసార్లు గడప దాకా వెళ్ళాను. వెళ్ళి తిరిగొచ్చాను. భయం వల్ల అని రాయొచ్చు. కానీ ఇక్కడ అబద్ధం ఎందుకు? రెండో వరస కూడా పడితే బాగుండు అనిపించింది.

పదిన్నరకు మామయ్య వచ్చాడు. వెంట రాజన్న మామ. బెంచీ మీద కూర్చోబోయి ఆగి చూశాడు. జేత్యా, దర్వాజ ఏదిరా అన్నాడు. జేత్యా, ఎన్కకున్నది గదా పటేలా అన్నాడు. ఎన్కకెవలు పెట్టుమన్నరు? మీరే గదా ముగ్గు పోసిండ్రు! నేనేడ పోసిన, నేను పొద్దుగాల్నుంచి మోటరుకాడ లేనా! అఖిలేశ్‌కు ఫోన్ చేశారు. ఆయన లారీ దగ్గర నుంచి అరుస్తున్నాడు, నేను పోయలే బాపూ అని. అత్తమ్మ, నేను వంగుతనా, వంగితే లేస్తనా అంది. రాజన్న మామ ఎవరూ అడగకముందే, తనకు ముగ్గు వేయడమే రాదని చెప్పాడు.

సోనాబాయి మాల్ తట్ట దింపి ఫక్కున నవ్వింది. మగోళ్ళెవలన్న ముగ్గుల పువ్వు ఏస్తరా, పసుపు చల్లుతరా అంది.

అందరూ వంటింటి వైపు తిరిగారు. నేను తలుపు చాటున ఉన్నాను. కొంగు కనిపించే ఉంటుంది.

మామయ్య నా వైపు ఎక్కువసేపు చూడలేదు. మొహం తిప్పుకున్నాడు. సరే సరే, ఏదో పొరపాటయ్యింది, పిల్లలన్నంక అయితయ్, ఎవ్వలనేమనొద్దు, జేత్యా, గా రెండు వరసలు ఇరగ్గొట్టి ముంగటికెల్లి దర్వాజ వదిలిపెట్టు అన్నాడు. నన్ను సిగ్గుపడనీయకుండా కాపాడుతున్నాడు. ఆయన మంచితనానికి ఏడుపొచ్చింది. ఆ మంచితనంతోనే నా తలుపు పోతోంది. జేత్యా సుత్తి తీశాడు.

వద్దు మామయ్యా, అన్నాను.

నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు. గడప దాటి బయటకు వచ్చేశాను. ముగ్గు నేనే పోసిన. పొరపాటు కాదు. దర్వాజ నాకు అట్లనే కావాలె.

ఎందుకు బిడ్డా అని అడిగాడు మామయ్య. కోపంగా కాదు. నిజంగానే తెలియక అడిగాడు. ఎదురుగా బెంచీ, రాజన్న మామ, జేత్యా. వాళ్ళ ముందు ఆ మాట ఎట్లా చెప్పను?

అప్పుడు అత్తమ్మ లేచింది. కట్టె పట్టుకుని, కుంటుకుంటూ వంటింటి వెనక తలుపులోంచి దిగి, కట్టెల మోపు పక్క నుంచి, ఇటుకల మధ్య ఖాళీలోంచి లోపలికి నడిచింది. కమోడ్ ఉండాల్సిన చోట ఇటుకల గుట్ట ఉంటే దాని మీద కూర్చుంది. పక్క గోడకు చెయ్యి ఆనించింది. నాకు మస్తు కుదిరింది, ఇగ ఎవలు ఇరగ్గొడ్తరో ఇరగ్గొట్టుండ్రి అంది.

మామయ్య, గట్లయితే నేను తువ్వాల కట్టుకొని వంటింట్లకెల్లి, ఆడోళ్ళ ముందలకెల్లి పోవాల్నా అన్నాడు. ఆయన గొంతులో నిజమైన భయం.

ముప్పై రెండేండ్ల సంది మేము గీ బెంచీ ముందలకెల్లి పోతలేమా అంది అత్తమ్మ.

రాజన్న మామ లేచి చెప్పులేసుకున్నాడు. ఇంట్లో పనుందట. మామయ్య రేపు చూద్దాం అని జేత్యాకు చెప్పి పొలానికి వెళ్ళిపోయాడు.

నేను లోపలికి వచ్చి రెండు చెంబుల నీళ్ళు తాగాను.

4 ఫిబ్రవరి

పని ఆగింది. ఇటుకలు రెండు వరసల దగ్గరే ఉన్నాయి.

అఖిలేశ్, నాకు ముందే చెప్పొచ్చు గదా అన్నాడు. చెప్పిన అన్నాను. ఎప్పుడు? మొన్న బండి మీద. ఏమన్న నేను? దర్వాజదేమున్నది అన్నవు. తల పట్టుకున్నాడు. తర్వాత మూడేళ్ళ సంది నాలుగున్నరకు లేస్తున్నది గిందుకేనా అన్నాడు. అవునన్నాను. నీకు పొద్దుగాల లేసుడు ఇష్టమనుకున్న అన్నాడు పాపం. అందరికీ అట్లాగే చెప్పుకున్నాడట, మా ఆమె కోడి కంటే ముందే లేస్తదని.

ఆయనో ఉపాయం చెప్పాడు. రెండు తలుపులు పెడదాం, ముందొకటి, వెనకొకటి. అత్తమ్మ వెంటనే, మంచిగనే ఉన్నది, ఒకటి పెట్టి ఇంకోటి మర్చిపోయిన దినం ఊరంత చూస్తది అంది.

5 ఫిబ్రవరి

పొలం మోటరు ఇంకా బాగు కాలేదు. మామయ్య గంగుబాయి వాళ్ళింటికి స్నానానికి వెళ్ళక తప్పలేదు. ఎనిమిదింటికి తువ్వాల భుజాన వేసుకుని సందులోంచి బయల్దేరాడు. రెండు నిమిషాల్లో తిరిగొచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. గంగుబాయి మా అత్తమ్మతో చెప్పి పడీపడీ నవ్వింది. అరే బాబా, మా కోడండ్లు గడప మీద కూసున్నరు, మీ ఆయన గోడ చాటుకెల్లి చూస్తుండు, ఎల్లిపోతుండు, దొంగోడనుకొని చిన్నది చీపురు తీసింది అని.

ఈరోజు మామయ్య స్నానం చేయలేదు. ఎవరమూ అడగలేదు.

6 ఫిబ్రవరి, పొద్దున 5 గంటలు

ఇప్పుడే జరిగింది, వెంటనే రాస్తున్నాను.

స్నానం ఇప్పుడు తొమ్మిదింటికే అయినా, పాత అలవాటుకు నాలుగున్నరకే లేచి, నీళ్ళకు బకెట్ పట్టుకుని వెనక తలుపు తీశాను. ఇంకా చీకటే. సందులోంచి ఎవరో వస్తున్నారు. తడి తువ్వాల, ఒంటి మీద చొక్కా సగమే, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. మామయ్య.

గంగుబాయి కోడళ్ళు లేవకముందే స్నానం కానిచ్చుకుని వస్తున్నాడు.

ఇద్దరం ఆగిపోయాం. ఎవరు ముందు తల దించుకోవాలో తెలియలేదు. ఆయనే మాట్లాడాడు. చలి మస్తున్నది బిడ్డా అన్నాడు. అవును మామయ్యా అన్నాను. గిదే టైముకా నువ్వు రోజూ, అన్నాడు. అని ఆగిపోయాడు. నా బకెట్ వైపు చూశాడు, తన తువ్వాల వైపు చూసుకున్నాడు.

మూడేండ్లు, అన్నాడు. నన్ను అడిగినట్టు లేదు.

పొయ్యి వెలిగించి చాయ్ పెట్టాను. వంటింటి గడప మీదే కూర్చుని తాగాడు. ఆయన అక్కడ కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

6 ఫిబ్రవరి, సాయంత్రం

జేత్యాకు మామయ్యే ఫోన్ చేశాడు. పువ్వు ముగ్గు ఎట్లున్నదో గట్లనే లేపు అన్నాడట.

గట్లనే లేపు!

నాలుగు వరసలైంది. నేను నాలుగుసార్లు లెక్కపెట్టుకున్నాను.

10 ఫిబ్రవరి

మామయ్య కట్టెల మోపు తానే జరిపాడు. వాకిలి నుంచి దొడ్డి వైపుకు గోడ పక్కనే బాట వేస్తున్నాడు. మిగిలిన షాబాదు బండలు ఒక్కొక్కటే మోసుకొచ్చి పరుస్తున్నాడు. ఇక మగవాళ్ళు వంటింట్లోకి రాకుండా పక్క నుంచే వస్తారు. వచ్చేటప్పుడు దగ్గాలి అన్నది కొత్త రూలు. రూలు పెట్టింది కూడా మామయ్యే. ప్రాక్టీసు కూడా చేస్తున్నాడు. బండ పరుస్తాడు, నాలుగడుగులు నడుస్తాడు, దగ్గుతాడు. మూడు రోజులు పోతే దవాఖానకు తీసుకపోవాలె అంటోంది అత్తమ్మ.

15 ఫిబ్రవరి

ఒక్క పొరపాటు బయటపడింది. అది నాదే.

నీళ్ళు పోయే జాలీ గది మధ్యలో ఉంది. మూలకు ఉండాలి కదా అని అఖిలేశ్ అడిగితే, పువ్వు మధ్యల్నే ఉండె గదా సార్, జాలీ గురుతనుకున్న అన్నాడు జేత్యా. పైపు కూడా వేసేశాడు. సోనాబాయి మొగుణ్ని కొట్టినంత పని చేసింది. పువ్వుకు జాలీకి ఫరక్ తెల్వదా నీకు అని. ఇప్పుడు నాలుగు వైపుల నుంచీ నేల మధ్యకు వాలుగా ఉంటుంది. అత్తమ్మ నడిచి చూసి, గిన్నెల నడిచినట్టున్నది, ఏం గాదు అంది. కాలు జారకుండా గరుకు టైల్స్ వేయిస్తున్నారు. నల్లవి కాదు. గోధుమరంగువి. దుకాణంలో ఆ అమ్మాయి మళ్ళీ అడిగింది. ఈసారి చెప్పాను. వేలు పెట్టి చూపించి మరీ చెప్పాను.

19 ఫిబ్రవరి

తలుపు వచ్చింది. లోపలి వైపు రెండు గొళ్ళేలు అడిగాను. అఖిలేశ్ మూడు పెట్టించాడు.

23 ఫిబ్రవరి, ఆదివారం

బాత్రూంకు కొబ్బరికాయ కొట్టొచ్చా అన్న దాని మీద గంటసేపు చర్చ. రాజన్న మామ వద్దన్నాడు. అత్తమ్మ, నా కాళ్ళు బతికించే గది, నేను కొట్టుకుంట అని గడప మీద కొట్టింది. మొదట ఆమే లోపలికి వెళ్ళింది. పావుగంట దాకా రాలేదు. అందరం బయట నిలబడ్డాం. అమ్మా, ఏమన్నయ్యిందా అని అఖిలేశ్ పిలిస్తే, ఏం గాలేదు, కూసున్న, మంచిగున్నది, మీ పనులు చూసుకోండ్రి అని లోపల నుంచి జవాబు.

జుక్కల్ నుంచి వదిన వచ్చింది. అద్దం ముందు జడ వేసుకుంది, విప్పింది, మళ్ళీ వేసుకుంది. సంజనా, నువ్వు మా బాపు ముందట మాట్లాడినవంట గదా, నేను పుట్టినప్పటిసంది ఒక్కసారి మాట్లాడలే అంది. ఏం చెప్పాలో తెలియక నవ్వాను. ఏమన్నవో మళ్ళొకసారి అను అంది. అనలేదు. సిగ్గేసింది.

మధ్యాహ్నం సోనాబాయి వచ్చింది. తాండాలో వాళ్ళ చెల్లెలు బాత్రూం కట్టుకుంటోందట. నన్ను ముగ్గు పోసి ఇవ్వమంది. పువ్వు మాత్రం వద్దంది.

25 ఫిబ్రవరి, పగలు 11 గంటలు

బెంచీ మీద ఆరుగురున్నారు. ముచ్చట నడుస్తూనే ఉంది.

ఈరోజు రెండుసార్లు స్నానం చేశాను. రెండోసారి ఊరికే.